షిబేషి బూర

మా పేటలో ఎవరైనా పోతే తెల్లవారకముందే మా చాటింపు షిబేషి బూర వినిపించేది. అడిస్ అబాబాలో ఈ గుట్ట మీది రేకుల ఇళ్ల సందుల్లో నడుస్తూ బూర ఊది, పోయినవాళ్ల పేరు కేక వేసి చెప్పేవాడు. డేరా, వంట గిన్నెలు, శవపేటిక మా ఇద్దిర్ చావుల సంఘం చూసుకునేది. కబురు మాత్రం షిబేషిది, అంతకుముందు అతని తండ్రిది.

ఈ ఇళ్లు కూల్చి ఇక్కడే బ్లాకులు కడతామన్నప్పుడు, ప్లాను గీసే హిరుత్ మమ్మల్ని కూర్చోబెట్టి ఓపిగ్గా అడిగింది. ఊరి చివరికి పంపొద్దన్నాం, పంపలేదు. డేరాకు జాగా, పండక్కి గొర్రెను కోసుకోవడానికి గది కావాలన్నాం, ఇచ్చింది. అద్దె కూడా మేం మోయగలిగినంతే. చావు కబురు ఎలా నడుస్తుందో మేమూ చెప్పలేదు, ఆమెకూ తట్టలేదు.

కొత్త ఇళ్లలో తొలి వానాకాలం, మొదటి బ్లాకులో ముసలి జెనెబెచ్ పోయింది. షిబేషి బ్లాకుల నడిమి వాకిట్లో నిలబడి ఊదాడు. ఆ ధ్వని నాలుగు వైపులా గోడలకు కొట్టుకుని, ఎటునుంచి వస్తోందో తెలియకుండా తిరిగింది. అతని కేక పై అంతస్తులకు ఎక్కనే లేదు. మూడో బ్లాకులో షిబేషి స్నేహితుడు వర్కు మంచాన పడి ఉన్నాడని అందరికీ తెలుసు. ఇంకెవరనుకుంటాం? తెల్ల నెతెలా శాలువాల రంగు అంచు, చావింటికి వెళ్లేటప్పటిలా, మెడ మీదికి తిప్పి కప్పుకుని, ఆడవాళ్లం ఏడుస్తూ ఆ మెట్లెక్కాం.

తలుపు తీసింది వర్కే.

అతను మా అంచుల వంక చూశాడు. "ఏంటమ్మా, నేను పోయానా? నాకెవరూ చెప్పలేదే!" అని నవ్వాడు. "వచ్చారుగా, కాఫీ తాగి పొండి. నా చావుకి నేనే కాఫీ కాచుకోవాలి, ఏం ఖర్మో!"

మాలో ఎవరికీ నవ్వు రాలేదు.

షిబేషి ఆ రోజే బూరను గోడకు తగిలించేశాడు. సంఘం ఫోన్లలో కబురు పెట్టడం మొదలుపెట్టింది. "బతికున్నవాడి గుమ్మంలోకి చావుని నడిపించానక్కా" అనేవాడు నాతో. గాలి తోలితే ఆ బూర దానంతటదే మూలిగేదట, అతని భార్య చెప్పేది.

వర్కు మాత్రం షిబేషిని వదిలేవాడు కాదు. "ఒరేయ్, నేను పోతే ఫోన్లో టింగుమనిపిస్తావా? బూర ఊదకపోతే నేను కదలను, చెప్తున్నా."

"నోర్ముయ్‌రా. నన్ను పాతిపెట్టేదాకా నువ్వెక్కడ చస్తావ్!"

పక్క జాగాలో కట్టబోయే బ్లాకుల కోసం హిరుత్ మళ్లీ వచ్చింది. జరిగిందంతా మా నోటే వింది. తర్వాత కాగితం మీద ఒక వైపు గోడ చెరిపేసి, నడిమి వాకిలిని సందువైపు తెరిచింది. "ఈ జాగాలో నిలబడి ఒకసారి ఊదుతావా బాబాయ్?" అంది. షిబేషి తల అడ్డంగా ఊపాడు.

గుట్ట మీద మెస్కెల్ పండగ పసుపు పూలు పూసినప్పుడు వర్కు పోయాడు. షిబేషి గోడమీది బూర దించి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడట. తర్వాత ప్రతి బ్లాకూ ఎక్కాడు. వాకిట్లో నిలబడి కాదు, ప్రతి అంతస్తులోనూ గుమ్మాల ముందు ఆగి, మెల్లగా ఊది, పేరు చెప్పాడు.

అవే అంచులతో అవే మెట్లెక్కాం. తలుపు మూసి ఉంది. ఎవరమూ తట్టలేదు. లోపలినుంచి, ముందే వచ్చిన సంఘంవాళ్లు వేయిస్తున్న కాఫీ గింజల వాసన వస్తోంది. మా వెనక షిబేషి కూడా, బూరను గుండెకు ఆనించుకుని, ఆ తలుపు వంకే చూస్తూ నిలబడ్డాడు.