అవ్వ ఎంత మీల్ మేకర్ తినొచ్చు?

కాశీకి పోయినవాళ్లు తమకు ఇష్టమైనదేదో ఒకటి అక్కడ వదిలేసి రావాలంటారు. మా ఊరివాళ్లు బస్సు మాట్లాడుకుని పోయినప్పుడు అందులో చాలామంది తెలివిగా బయటపడ్డారు. ఒకాయన కాకరకాయ వదిలేశాడు. ఆయన దాన్ని పుట్టి బుద్ధెరిగి నోట్లో పెట్టుకోలేదు. ఇంకొకావిడ పనసపండు వదిలింది. మా నర్సింహులపేట దిక్కు పనసపండు ఏడాదికోసారి కంటికి కనబడితే గొప్ప. మా అవ్వ మాత్రం (మా దిక్కు అమ్మను అవ్వ అనే పిలుస్తాం) యాట కూర వదిలేసి వచ్చింది. అదొక్కటే కాదు, కోడి, చేప, గుడ్డు, మొత్తం నీసే వదిలేసింది.

బొక్కలో మూలుగ చుక్క కూడా మిగలకుండా తినే మనిషి ఆమె. నాకు నమ్మబుద్ధి కాలేదు.

"ఎందుకవ్వా, ఏ బెండకాయనో ఇడ్సిపెడితే అయిపోవు గదా?" అన్నాను.

"ఇష్టమైంది ఇడువాలన్నరు, ఇష్టమైందే ఇడ్సిన. గంగమ్మతోటి దొంగాట ఆడుతరా?" అంది.

మీల్ మేకర్ ఆమె జీవితంలోకి ఒక పెళ్లి భోజనంలో వచ్చింది. జనగామలో అక్క ఆడపడుచు కొడుకు పెళ్లి. శాకాహారుల బంతిలో కూర్చుని బిర్యానీ ముద్ద నోట్లో పెట్టుకున్న అవ్వ ఒక్కసారిగా లేచి నిలబడి, "నీసు పెట్టిండ్రు! నా మొక్కు చెడగొట్టిండ్రు!" అని కేకలు వేసింది. వడ్డించే అతను బిత్తరపోయాడు. చివరికి వంటాయన లోపలి నుంచి ఖాళీ ప్యాకెట్టు పట్టుకొచ్చి చూపిస్తే గాని శాంతించలేదు. అప్పుడు నన్ను పిలిచి, "నువ్వు సైన్స్ మాస్టరువు గదా, చెప్పు. ఇది గింజనా, జీవమా?" అని అడిగింది. సోయా గింజ నుంచి నూనె తీసేశాక మిగిలిన పిండితో చేస్తారని చెప్పాను. అవ్వ మళ్లీ కూర్చుంది. ఇంకో గరిటె వేయించుకుంది.

అప్పటినుంచి మా ముగ్గురి ఇళ్లల్లోనూ మీల్ మేకర్ ప్యాకెట్టు లేని రోజు లేదు. నాయిన పోయాక అవ్వ తనకు తానే వంతులు పెట్టుకుంది. జనగామలో అక్క దగ్గర మూడు నెలలు, మహబూబాబాద్‌లో నా దగ్గర మూడు నెలలు, భూపాలపల్లిలో బొగ్గుబావి ఉద్యోగం చేసే తమ్ముడి దగ్గర మూడు నెలలు. ఎవరెంత బతిమిలాడినా ఒక్క రోజు ఎక్కువ ఉండదు. సంచి సర్దుకుని బయల్దేరుతుంది.

అక్క దగ్గర ఉండగానే ఆమెకు నీరసం మొదలైంది. మొహం ఉబ్బింది, ఎప్పుడు చూసినా నిద్ర. పరీక్ష చేయిస్తే థైరాయిడ్ అన్నారు. రోజుకో చిన్న గోలి రాసిచ్చారు. రెండు నెలలు తిరక్కుండానే మనిషి తేరుకుంది. మీల్ మేకర్ కూర తిని, వీధిలో నలుగురినీ పలకరించి వచ్చేంత హుషారు వచ్చింది. ఆ హుషారుతోనే నా వంతుకు రైలెక్కింది.

నాకు ఒక జబ్బుంది, ఏదైనా ఇంట్లోకి వస్తే దాని గురించి చదవాలి. పేస్టు డబ్బా మీద కూడా చివరి అక్షరం దాకా చదువుతాను. ఇక మీల్ మేకర్‌ను వదులుతానా? ఫోన్ తెరిస్తే ఒకాయన సోయా అమృతం అన్నాడు. ఇంకొకాయన సోయా తింటే థైరాయిడ్ పాడవుతుందన్నాడు. మూడో ఆయన మగవాళ్లు తింటే ఆడవాళ్లయిపోతారన్నాడు. అది విని నా ముందరి గిన్నెను జర పక్కకు జరిపిన మాట నిజం. ఎండు ముక్కలు పిడికెడు తీసుకుని వేడినీళ్లలో వేసి, ఎంత ఉబ్బుతాయో గిన్నె మీద గీతలు పెట్టి మరీ చూశాను.

మా ఇంటావిడ నవ్వింది. "మీ అవ్వకు కూర వడ్డించేముందు పరీక్ష పేపర్ దిద్దాల్నా ఏంది?"

దిద్దాను. నా లెక్కలో అవ్వకు వారానికి రెండుసార్లు, పిడికెడు ఎండు ముక్కలకు మించకూడదు. అయితే నీసు లేదు కదా, బలం ఎక్కడినుంచి వస్తుందన్న బెంగ కూడా పట్టుకుంది. దానికి నేనే మార్గం కనిపెట్టాను. జొన్నలు, వేయించిన సోయా గింజలు కలిపి గిర్నీలో పట్టించి, రోజూ పొద్దున జావ కాచేవాణ్ణి. ఐదింటికి నడకకు పోయి వచ్చి, స్టవ్ దగ్గర నిలబడి గంటెతో తిప్పుతూ, ఉండ కట్టకుండా కాచి, గ్లాసులో పోసి, గోలి చేతికిచ్చి తాగించేవాణ్ణి. ఖాళీ కడుపులో గోలి పడితే గ్యాస్ పడుతుందని నా నమ్మకం. నాకా బాధ ఉంది కాబట్టి లోకానికంతా ఉంటుందనుకున్నాను. అవ్వ ఆ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని మెల్లగా తాగేది.

రెండు నెలలు గడిచేసరికి అవ్వ మళ్లీ వాలిపోయింది. మొహం ఉబ్బింది. మధ్యాహ్నం అన్నం ముందే కునుకు తీసేది. పరీక్ష చేయిస్తే రిపోర్టు అధ్వాన్నంగా వచ్చింది.

"గోలి రోజూ వేసుకుంటుందా?" అని డాక్టరమ్మ అడిగింది.

"ఒక్క రోజు తప్పలేదు మేడం. నేనే చేతికిస్తాను."

"పరగడుపునే కదా?"

"లేవగానే ఇస్తాను మేడం" అన్నాను. ఎంత ధీమాగా అన్నానంటే ఆమె ఇంకో ప్రశ్న అడగలేదు. గోలి మోతాదు పెంచి రాసింది.

ఆ రోజు సాయంత్రం అక్క ఫోన్ చేసింది. "మొక్కు లేదు గిక్కు లేదు. నీసు మానేసినందుకే గిట్లయితాంది. ఒక గుడ్డన్న తినమను" అంది. చుట్టాలంతా అదే పాట అందుకున్నారు. మా ఇంటావిడ కూడా ఒప్పించి చూడమంది. అవ్వ అంతా విని, చీర కొంగు సర్దుకుని, "నీసు తిని బతుకాల్నంటే నాకీ గోలే వద్దు. గంగమ్మకు ఇచ్చిన మాట నోట్లె పెట్టుకుని నములమంటరా?" అంది. మా అవ్వ ఊరికే అనే మనిషి కాదు. నాకు భయమేసింది. ఏదో ఒకటి తేల్చకపోతే ఆమె మొక్కైనా పోతుంది, ఆమైనా పోతుంది అనిపించింది.

పెంచిన గోలీలతో, మీల్ మేకర్ తగ్గించాలని నేను రాసిచ్చిన చీటీతో అవ్వ భూపాలపల్లి పోయింది. నెల తిరిగిందో లేదో తమ్ముడు ఫోన్ చేశాడు. అవ్వకు చేతులు వణుకుతున్నాయట, గుండె దడదడలాడుతోందట, చెమటలు పడుతున్నాయట.

"మీల్ మేకర్ పెడుతున్నరా?" అన్నాను, ముందుగా.

"పెడుతున్నం అన్నా. ఆమె అడుగుతది, మా ఆమె వండుతది. వారంల నాలుగైదు దినాలు."

నాకు ఒళ్లు మండిపోయింది. "నేను చీటీ రాసియ్యలే? చదువొచ్చినోళ్లేనా మీరు? కూర పెడుతున్నరా, విషం పెడుతున్నరా?" అని అరిచాను. ఫోన్ స్పీకర్‌లో ఉందనీ, మరదలు పక్కనే ఉందనీ తర్వాత తెలిసింది.

శనివారం బడి కాగానే రెండు బస్సులు మారి భూపాలపల్లి పోయాను. సంచిలో సోయా జొన్నపిండి డబ్బా కూడా పెట్టుకున్నాను. మీల్ మేకర్ మాన్పించాలి, బలానికి మాత్రం జావ తాగించాలి. ఆలోచన ఎంత వంకరగా ఉందో అప్పుడు నాకు తట్టలేదు. రెండూ సోయానే కదా. నా చేత్తో కాచింది మంచిది, వాళ్లు వండింది చెడ్డది. నా సైన్స్ అంతా అక్కడే ఆగిపోయింది.

మరదలు మొహం ముడుచుకోలేదు. మర్యాదగా నీళ్లిచ్చింది, అన్నం పెట్టింది, నావైపు చూడకుండా పెట్టింది. అంతకంటే నాలుగు మాటలు అనేసి ఉంటే బాగుండేది.

తెల్లారి నా అలవాటు ప్రకారం లేచి జావ కాచాను. అవ్వ అప్పటికే క్వార్టర్ ముందు మెట్టు మీద కూర్చుని ఉంది. చెంబులో నీళ్లు, పక్కన గోలి చింపిన రేకు. నేను గ్లాసు పట్టుకుని పోతుంటే మరదలు వంటింట్లోంచి గబగబా వచ్చింది.

"బావా, జర ఆగుండ్రి. అత్తమ్మ ఇప్పుడే గోలి ఏసుకున్నది. గంట దాక ఏమీ ఇయ్యద్దు."

"ఎవలు చెప్పిండ్రు?"

"జనగామ వదినె చెప్పింది. ఆడ డాక్టర్ చెప్పిండట, ఉత్త నీళ్లతోటే ఏసుకోవాల్నని. చాయ సుత గంట అయినంకనే ఇస్తున్న."

నేను గ్లాసుతో అక్కడే నిలబడిపోయాను. జనగామలో అవ్వ మీల్ మేకర్ తింది, బాగుంది. ఇక్కడ వారానికి నాలుగైదు రోజులు తింటోంది, ఉబ్బు లేదు, నిద్రమత్తు లేదు, పైగా గుండె పరుగెత్తుతోంది. కొలిచి కొలిచి పెట్టిన నా ఇంట్లోనే వాలిపోయింది. మూడు ఇళ్లకూ తేడా కూర గిన్నెలో లేదు, పొద్దటి గ్లాసులో ఉంది.

అక్కకు ఫోన్ చేశాను. "నాకెందుకు చెప్పలే?"

"నువ్వు సైన్స్ మాస్టరువు, నీకు నేను చెప్పుడేంది అనుకున్న" అంది అక్క.

సోమవారం బడికి సెలవు పెట్టి అవ్వను డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన ఓపికమంతుడు. నేను అడిగినవన్నీ విన్నాడు. సోయా కడుపులో ఉండగా ఆ గోలి వేసుకుంటే ఒంటికి సరిగ్గా పట్టదన్నాడు. నా ఇంట్లో గోలి సగం వృథాగా పోయింది, అందుకే రిపోర్టు చెడింది, అందుకే మోతాదు పెరిగింది. ఇక్కడ ఉత్త నీళ్లతో వేసుకునేసరికి ఆ పెరిగిన మోతాదంతా ఒంటికి పట్టింది, అందుకే దడ. పాత మోతాదుకు తగ్గించి, కొన్ని వారాల తర్వాత మళ్లీ పరీక్షకు రమ్మన్నాడు.

"మరి సోయా ఎంత తినొచ్చు సార్?" అని అడిగాను. ఇన్ని నెలల నా ప్రశ్న అది.

"గోలికీ సోయాకూ మూడు నాలుగు గంటల ఎడం ఉండాలి. ఆ తర్వాత, పూటకు ఒక గుప్పెడు ఎండు ముక్కల కూర తింటే ఈమెకు వచ్చే నష్టమేమీ లేదు. ఒక వారం కుప్పలుగా, ఒక వారం అసలే లేకుండా కాకుండా ఒక తీరుగా తిననివ్వండి. అదొక్కటే తిని పప్పు, పెసలు, ఆకుకూర, పెరుగు మానేస్తే తప్పు."

"నీసు తినాల్నా సారూ?" అవ్వ ముందుకు వంగి అడిగింది.

"ఎందుకమ్మా? అవసరం లేదు."

అవ్వ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. డాక్టర్‌కో, గంగమ్మకో.

బయటికి రాగానే మరదలి ముందు నిలబడి, "తప్పు నాది. నిన్ను అనరాని మాట అన్నా" అన్నాను. ఆమె నేలవైపు చూస్తూ, "ఆ మాటకు రెండు దినాలు అన్నం పోలే బావా" అంది. తర్వాత మందులు తేవడానికి తమ్ముడితో కలిసి దుకాణం వైపు పోయింది. క్షమించిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు, నేను అడగలేదు.

అవ్వా నేనూ దవాఖాన ముందు వేపచెట్టు కింద బల్ల మీద కూర్చున్నాం. నాకు ఒక్క అనుమానం మిగిలింది.

"అవ్వా, జనగామల ఉత్త నీళ్లతోటి ఏసుకున్నవ్. ఈడ అట్లనే ఏసుకుంటున్నవ్. గోలి పరగడుపున ఏసుకోవాల్నని నీకు ఎరుకనే. మరి నా దగ్గర జావతోటి ఎందుకేసుకున్నవ్? ఒక్క మాట చెప్తే అయిపోవు గదా?"

అవ్వ వణుకుతున్న చేతిని ఇంకో చేత్తో పట్టుకుంది.

"ఎట్ల చెప్పుదు బిడ్డా? పొద్దుగాల్నే లేసి, నీ చేతులతోటి కాచి, ఊదుకుంట తెస్తివి. నా బతుకుల కూసున్నకాడికి ఎవలన్న నాకు గిలాస తెచ్చిచ్చిండ్రా? మీ నాయిన ఇచ్చిండా, నన్ను కన్నోళ్లిచ్చిండ్రా? గంట ఆగు అంటే నువ్వు బడికి పోతవు. అటెంక కోడలు ఇస్తది గని నువ్వు ఇయ్యవు గదా."

నాకు ఏడుపొచ్చింది. దవాఖానకు వచ్చేపోయే జనం చూస్తుండగానే ఏడ్చాను. "నేను సచ్చిన్నా, గట్లేడుస్తవ్?" అని అవ్వ కొంగుతో నా మొహం తుడిచింది.

ఇప్పుడు మళ్లీ నా వంతు నడుస్తోంది. జావ సాయంత్రానికి మార్చాను. నాలుగున్నరకు బడి నుంచి వచ్చి, చెప్పులు విడిచి నేరుగా వంటింట్లోకి పోతాను. అవ్వ గేటు దగ్గర కుర్చీ వేసుకుని నాలుగింటికే కూర్చుని ఉంటుంది.