రెండు కుడిచేతుల స్పీకర్లు

టైలర్ మాస్టారు బట్టను కళ్ళతో చూడరు, వేళ్ళతో చూస్తారు. బట్ట ముందు పెట్టగానే అంచు పట్టుకుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్దుతారు. పిడికిట్లో నలిపి వదులుతారు. ఒక పోగు లాగి, తెంపి, తెగిన కొసను వెలుతురులో పెట్టి చూస్తారు. ఆ తర్వాత నోరు విప్పితే ఇక తిరుగులేదు. "ఇందులో నూలు సగమే" అన్నారంటే సగమే, మిల్లు యజమాని వచ్చి ఒట్టు వేసినా మాస్టారు ఒప్పుకోరు.

అలాంటి మాస్టారి వేళ్ళు ఈ ఏడాది పప్పులో కాలేశాయి. వేళ్ళకి కాళ్ళెక్కడివని అడక్కండి, జరిగింది మాత్రం అదే. ఒక హోటల్ వాళ్ళకి సర్వర్ల కోట్లు కుట్టారు. లోపల వేసిన నూలు లైనింగు మాస్టారు స్వయంగా నలిపి, రుద్ది, ఏరి కోరి తెచ్చింది. మొదటి ఉతుకులోనే ఆ లైనింగు కుంచించుకుపోయింది. పైబట్ట ఉన్నచోటే ఉంది, లోపలిది మోకాలు ముడుచుకున్నట్టు ముడుచుకుంది. సర్వర్లందరూ పొట్టలో గాలి నింపుకున్నట్టు తయారయ్యారు. మేనేజరు కోట్లన్నీ మూటకట్టి షాపులో దించి, ఒక్క మాట కూడా అనకుండా వెళ్ళిపోయాడు. తిట్టి ఉంటే మాస్టారికి కాస్త ఊరటగా ఉండేది.

అప్పట్నుంచి ఆయన తన వేళ్ళ వైపు అనుమానంగా చూసుకోవడం మొదలుపెట్టారు. ఇంతలో ఒక స్కూలు యూనిఫాంల పని వచ్చింది. వచ్చే వారం పెద్ద మార్కెట్టుకి వెళ్ళి బట్ట తేవాలి. ఆ మాట అనుకుంటున్నప్పుడు ఆయన భార్య, కాజాలు కుడుతూ, తల ఎత్తకుండానే అన్నది.

"ఈసారి తమ్ముణ్ణి కూడా తీసుకెళ్ళండి."

ఆ "కూడా" మాస్టారి గుండెల్లో సూదిలా దిగింది. పెళ్ళయిన దగ్గర్నుంచి బట్ట కొనడానికి ఆయన ఒక్కరే వెళ్ళారు. ఇప్పుడు బావమరిది చెయ్యి పట్టుకుని వెళ్ళాలి.

ఆ బావమరిది సంగతి కూడా చెప్పాలి. పెద్ద ఎలక్ట్రానిక్స్ షోరూంలో సేల్స్‌మన్. బంధువులంతా అతన్ని వారంటీ అంటారు. గొడుగు కొన్నా, కళ్ళజోడు కొన్నా, దువ్వెన కొన్నా, ముందు అడిగేది అదే. అక్క పెళ్ళి కుదిరినప్పుడు పెళ్ళికొడుకు గురించి కూడా అడిగే ఉంటాడని మాస్టారి గట్టి నమ్మకం.

సరిగ్గా ఈ రోజుల్లోనే ఇంటికి పాటల సెట్టు వచ్చింది. ఇల్లు మారుతున్న ఒక పాత ఖాతాదారు తన యాంప్లిఫయరునూ, నడుమెత్తు స్పీకర్లు రెంటినీ మాస్టారికి చవగ్గా వదిలేశాడు. చక్కటి చెక్కపెట్టెలు. కాకపోతే ఆ మహానుభావుడు ఎప్పుడో కిటికీలకి మిగిలిన నల్ల పెయింటు వృథా పోనివ్వకుండా వాటి వెనకవైపు పూసేశాడు. వైర్లు తగిలించే, నడుమ బెజ్జాలున్న మరలు కూడా ఎరుపూ నలుపూ తేడా లేకుండా నల్లగా అయిపోయాయి. వైర్లు మాత్రం ఇవ్వలేదు.

వారంటీకి కబురు అందింది, ఫోను వచ్చింది.

"బావగారూ, సెట్టు ఏదైనా ఒకటే. ప్రాణమంతా కేబుల్లోనే ఉంటుంది. మా షోరూంలో ఒకటుంది, నేను తెస్తాను. మీరు ఆ కరెంటు వైర్లవీ కొనకండి."

"ధర ఎంత?"

వారంటీ చెప్పాడు. ఆ డబ్బుతో కొత్త కుట్టుమిషను వస్తుంది, దాని మీద కప్పడానికి గుడ్డ కూడా వస్తుంది.

"వైరు సంగతి నేను చూసుకుంటాలే" అని మాస్టారు ఫోను పెట్టేశారు. పెట్టేసి, తనలో తనే ఒక పందెం వేసుకున్నారు. వైరు తను ఎంచాలి. పాట బాగా పలికితే వేళ్ళు బాగున్నట్టు, మార్కెట్టుకి ఒక్కరే వెళ్తారు. పలకకపోతే నోరు మూసుకుని బావమరిది వెనకాల సంచీ మోస్తారు. పందెం గురించి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ముందు కొలత తీశారు. మెడలో టేపు ఎలాగూ ఉంది. యాంప్లిఫయరు నుంచి గోడవారగా, బీరువా వెనగ్గా, ఒక్కో స్పీకరు దాకా కొలిచి, మడతకీ కుట్టుకీ వదిలినట్టు కాస్త ఎక్కువ కలుపుకున్నారు. రెండు వైపులా ఒకటే పొడవు వేసుకున్నారు. చొక్కా చేతులు రెండూ సమానంగా ఉండొద్దూ మరి.

వీధి మలుపులో ఉన్న ఎలక్ట్రికల్ షాపాయన మూడు వైరు చుట్టలు తీసి బల్ల మీద పెట్టాడు. మాస్టారు మొదటిదాని కొస ఒలిచి, పోగులు విడదీసి, కుట్లు విప్పే చిన్న బ్లేడు జేబులోంచి తీసి ఒక పోగును గీకారు. పైన రాగి రంగు లేచిపోయి లోపల తెల్లగా బయటపడింది.

"పైన రాగి, లోపల అల్యూమినియం. లైనింగు ఒకటీ పైబట్ట ఒకటీనా" అన్నారు మాస్టారు. ఆ మాట అన్నాక ఆయనకే కాస్త చురుక్కుమంది.

రెండోది రాగే, కానీ మరీ సన్నం, సూది బెజ్జంలో దూర్చేలా ఉంది. మూడోది చేతిలోకి తీసుకోగానే మాస్టారి మొహం వికసించింది. గీకితే లోపలి దాకా రాగి. పోగులు సన్నగా, ఒత్తుగా ఉన్నాయి. పట్టుకుంటే మెత్తగా ఒంగింది, పదేపదే వంచినా విరగలేదు. జంట వైరు, గుర్తు కోసం ఒకదాని మీద పొడుగునా తెల్లచార. ధర కూడా మనుషులు కొనగలిగేదే.

"ఇంతకన్నా లావుది అక్కర్లేదా?" అని అడిగారు.

"మీ గదికి ఇది చాలు మాస్టారూ. స్పీకర్లు వీధి చివర పెట్టేట్టయితే చెప్పండి, అప్పుడు లావుది ఇస్తాను."

ఇంటికొచ్చి ఆయన బిగించిన తీరు చూడాల్సిందే. వైరు గోడ మూలలకి అంటిపెట్టుకుని, ఎక్కడా వేలాడకుండా, చేతికుట్టు వేసినట్టు పోయింది. యాంప్లిఫయరు వైపు రంగులు కనిపిస్తున్నాయి, చార వైర్లు రెండూ ఎరుపుకే తగిలించారు. స్పీకర్ల వెనక మరలు రెండూ పక్కపక్కనే, ఒకే నలుపులో ఉన్నాయి. తెల్లచార దేనికి తగిలించాలి? మాస్టారికి ఇందులో ఆలోచించడానికేమీ కనపడలేదు. బ్యాండువాళ్ళ ప్యాంట్లు ఎన్ని కుట్టలేదు? రెండు కాళ్ళకీ చార బయటివైపే ఉంటుంది. ఎడమ స్పీకరుకి ఎడమ మరకీ, కుడి స్పీకరుకి కుడి మరకీ చార వైరు బిగించి, దూరంగా నిలబడి చూసుకుని, తృప్తిగా నిట్టూర్చారు.

పాట పెట్టారు. పాట వచ్చింది గానీ పాడే మనిషి రాలేదు. గొంతు ఎక్కడో చెదిరిపోయి, బీరువా వెనకనుంచి కొంత, కిటికీ అవతలనుంచి కొంత వినిపించింది. డ్రమ్ము మీద దెబ్బ పడుతోంది, చప్పుడు మాత్రం దిండు మీద కొట్టినట్టుంది. మాస్టారు భార్య వైపు చూశారు.

"బాగానే ఉంది కదండీ" అన్నదావిడ, ఆయన మనసు నొప్పించకూడదని. "పక్కింట్లో పెట్టినట్టుంది."

రెండు రోజులు ఆయన చేయని పని లేదు. బీరువా జరిపారు. కర్టెన్లు తీశారు, మళ్ళీ వేశారు. వైరు మొత్తం విప్పి ఇంకా నీటుగా బిగించారు, చార మళ్ళీ బయటికే. పాడే మనిషి మాత్రం ఇంట్లోకి రానన్నాడు. మూడో రోజు మాస్టారు కత్తెర పట్టుకుని తన కుడిచేతి వేళ్ళకేసి చాలాసేపు చూశారు. వాటికి ఇంక ఏమీ తెలియదనీ, తెలుసనుకుని ఇన్నాళ్ళూ బతికాననీ ఆయనకి అనిపించింది. కళ్ళు చెమర్చాయి. ఎవరైనా చూస్తారేమోనని గబగబా ఒక కాలరు కత్తిరించడం మొదలుపెట్టారు, అది వంకరపోయింది.

ఆ సాయంత్రం వారంటీ వచ్చాడు, చంకలో నల్లటి పెట్టెతో. అందులో తాడంత లావు కేబుల్, పైన జడలా అల్లిన నైలాను తొడుగు, కొసలకి బంగారు పూత ఉన్న ప్లగ్గులు. మాస్టారు అలవాటుగా దాన్ని రుద్దబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నారు. వారంటీ స్పీకర్ల వెనక దూరి, ఏదో గొణుక్కుంటూ, చేతికొచ్చినట్టు గుచ్చేసి బయటికొచ్చాడు. కేబుల్ గది మధ్యలో పాములా పడి ఉంది. పాట పెట్టాడు.

గాయకుడు వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. రెండు స్పీకర్ల నడుమ, గోడ దగ్గర, గొంతు స్పష్టంగా, ఊపిరి తీసుకోవడం కూడా తెలిసేలా. డ్రమ్ము దెబ్బ నేలలోంచి కాళ్ళకి తగిలింది. కాజాలు కుడుతున్న ఆవిడ సూది ఆపి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"చూశారా బావగారూ" అన్నాడు వారంటీ. "దీనికి ఐదేళ్ళ వారంటీ. ఉంచుకుంటారో లేదో వారంలోగా చెప్పండి, తిరిగిచ్చేయొచ్చు."

మాస్టారికి తల కొట్టేసినట్టయింది. "బాగుంది" అన్నారు. తర్వాత, అడగకుండానే, "స్కూలు బట్టకి కూడా నువ్వే వెళ్ళిరా. నేను షాపు చూసుకుంటాను" అన్నారు. వారంటీ మొదట మొహమాటపడ్డాడు, తర్వాత బట్టకి వారంటీ ఎవరిస్తారని అడిగాడు.

అతను వెళ్ళాక ఆవిడ ముందుగదిలోని మిషను దగ్గరికి వెళ్ళింది. మాస్టారు ఒక్కరే మిగిలారు. ఎంత ఓడిపోయినా టైలరు టైలరే కదా, ఎదుటివాడి కుట్టు తిరగేసి చూడకుండా ఉండలేరు. స్పీకర్ల వెనక్కి వంగి చూశారు. చూసి పెదవి విరిచారు. వారంటీ ఎర్ర ప్లగ్గును ఎడమ స్పీకరుకీ కుడివైపే గుచ్చాడు, కుడి స్పీకరుకీ కుడివైపే గుచ్చాడు.

"ఏం పనిది" అనుకున్నారు పైకే. "రెండూ కుడిచేతులే."

రెండు కుడిచేతులు కుట్టిన చొక్కా లాంటి పనిని అలా వదిలేయడం ఆయన వల్ల కాలేదు. ఎడమ స్పీకరు ప్లగ్గులు రెండూ మార్చి గుచ్చి, ఎరుపు రెండింటికీ బయటివైపు వచ్చేలా సరిచేశారు. చెయ్యి దులుపుకుని ఇవతలికి వచ్చారు.

పాట నడుస్తూనే ఉంది. పాడే మనిషి మాత్రం వెళ్ళిపోయాడు. మళ్ళీ బీరువా వెనక కొంత, కిటికీ అవతల కొంత.

మాస్టారు మెల్లిగా వెళ్ళి ఎడమవైపు ప్లగ్గులు మళ్ళీ మార్చారు, మనిషి వచ్చాడు. మార్చారు, పోయాడు. అప్పటికి గానీ ఆయన బుర్రకి ఎక్కలేదు. స్పీకర్లు చొక్కా చేతుల్లాంటివి కావు. దుప్పటి దులిపే ఇద్దరు మనుషుల్లాంటివి. ఇద్దరూ ఒక్కసారే పైకెత్తాలి. ఒకరు ఎత్తుతుంటే ఇంకొకరు దించితే దుమ్మూ పోదు, దుప్పటీ కదలదు. ఆయన మూడు రోజులుగా ఒకదాన్ని ఎత్తమనీ, ఒకదాన్ని దించమనీ చెప్పారు, అదీ ఎంతో నీటుగా.

బంగారు ప్లగ్గులన్నీ పీకేసి, తన చారల వైరు తెచ్చి, రెండు స్పీకర్లకీ చార కుడివైపే వచ్చేలా బిగించారు. గాయకుడు ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. అదే గొంతు, అదే ఊపిరి, కాళ్ళ కింద అదే దెబ్బ. కుట్టుమిషను ఖరీదు చేసే కేబుల్‌కీ దీనికీ వెంట్రుకంత తేడా కూడా ఆయన చెవికి ఆనలేదు.

వేళ్ళు తప్పు చేయలేదు. ఎంచింది మంచిదే. గంతెయ్యాలనిపించిన మాస్టారు అంతలోనే చతికిలబడ్డారు. ఈ సంగతి ఎవరికి చెప్పాలన్నా, బిగించడంలో పొరబడ్డానని ముందు ఒప్పుకోవాలి. సరుకు ఎంచడం తెలియని టైలరైనా బతుకుతాడు. కుట్టడం తెలియని టైలరని పేరొస్తే ఎలా?

"ఏమిటండీ, ఆయనెవరో ఇంట్లోకి వస్తూ పోతూ ఉన్నాడు?" అంటూ ఆవిడ గుమ్మంలోకి వచ్చింది.

మాస్టారు చార సంగతీ, ప్యాంట్ల సంగతీ, రెండు కుడిచేతుల సంగతీ, తను మనసులో వేసుకున్న పందెం సంగతీ అంతా చెప్పేశారు. "వైరు మంచిదేనోయ్. నా పనే బాగాలేదు" అన్నారు. ఆవిడ నవ్వుతుందనుకున్నారు. నవ్వలేదు. వచ్చి స్టూలు మీద కూర్చుని, వేలికున్న తొడుగు తీసి మళ్ళీ పెట్టుకుంది.

"లైనింగూ మంచిదేనండీ" అన్నది.

"ఏ లైనింగు?"

"హోటల్ కోట్లది. కత్తిరించే ముందు తడిపి ఆరేయాలి కదా. అది నా పని కదా. ఆ వారం వాళ్ళు తొందరపెడుతున్నారని తడపకుండానే మీ బల్ల మీద పెట్టేశాను."

నూలు బట్టను ముందే తడిపితే ముడుచుకునేదేదో అప్పుడే ముడుచుకుంటుంది, కోటు పాడవదు. ఈ సంగతి వీధిలో టైలర్లందరికీ తెలుసు. మాస్టారికి మరీ బాగా తెలుసు.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెబుదామనే వచ్చాను. అప్పటికే మీరు బట్టను తిడుతున్నారు. తిట్టనీ, బట్ట ఏమనుకుంటుందిలే అనుకున్నాను. తర్వాత మిమ్మల్ని మీరే తిట్టుకోవడం మొదలుపెట్టారు. అప్పుడిక నోరు రాలేదు." ఆవిడ తొడుగు తీసి ఒళ్ళో పెట్టుకుంది. "తమ్ముణ్ణి తోడు పంపితే మీకు కాస్త ధైర్యంగా ఉంటుందనుకున్నాను."

మాస్టారికి చెప్పలేనంత కోపం వచ్చింది. ఇన్ని నెలలు తన వేళ్ళని తను దొంగల్ని చూసినట్టు చూసుకున్నారు. ఆ కోపం వెనకే, పెద్ద బరువేదో దించినట్టు ఒళ్ళంతా తేలికపడింది. రెంటిలో ఏది ముందు బయటపెట్టాలో తెలియక గోడకేసి చూశారు. గోడ దగ్గర గాయకుడు తన పాట తను పాడుకుంటున్నాడు.

"మీ తమ్ముడికి ఫోను చెయ్యి" అన్నారు చివరికి.

"కేబుల్ తిరిగిచ్చేస్తామని చెప్పనా?"

"అదీ చెప్పు. మార్కెట్టుకి నేనొక్కణ్ణే వెళ్తున్నానని చెప్పు. ఎందుకో కూడా చెప్పు. లైనింగు సంగతి మొదట్నుంచీ చెప్పు."

"రేపు చెబుతానండీ."

"ఇప్పుడే."

ఆవిడ ఫోను తీసి నంబరు నొక్కింది. అవతల వారంటీ ఎత్తినట్టున్నాడు. "తమ్ముడూ, ఆ హోటల్ కోట్లు లేవూ, అవి పాడైంది మీ బావగారి వల్ల కాదురా" అని మొదలుపెట్టింది.

అన్ని తిప్పలు పడి ఇంట్లోకి రప్పించిన గాయకుడు పాట సగంలో ఉన్నాడు. మాస్టారు లేచి వెళ్ళి సెట్టు కట్టేసి, కుర్చీ దగ్గరికి లాక్కుని, ఆవిడ చెప్పేదంతా ఒక్క మాట పోకుండా వింటూ కూర్చున్నారు.