తుప్పు కవచం

ఆ రోజు నేను చేసిన తప్పు, అడగకుండా సాయం చేయడం. సూర్యాపేట నుంచి కోదాడ వెళ్లే బస్సులో పక్కసీటు అమ్మాయి టికెట్ తీసుకుంటూ, ఆట నడుస్తున్న ఫోన్ నా చేతికిచ్చింది. ఆమె యోధురాలికి ఇంకా మొదట్లో ఇచ్చే తుప్పు కవచమే ఉంది. ఈ డొక్కు డబ్బా ఏమిటని చిరాకేసి, దాన్ని కరిగించి రెక్కల బంగారు కవచం తొడిగాను.

“నేను సెయ్యమన్ననా అన్నా? తమ్ముడు అలిగి పోయిండు, ఫోన్ ఎత్తడు. ఆటల మాత్రం కోట వాకిట ఆ పాత కవచం సూసి పక్కకొచ్చి నిలబడతడు, దాన్ని నేను తప్ప ఎవ్వలు ఉంచుకోరు. గీ రెక్కలు అందరికుంటయి, పేర్లు కనబడయి. ఇగ నన్నెట్ల గుర్తుపడతడు?”

కోదాడ దాకా ఆమె నా వైపు చూడలేదు.

ఇంటికెళ్లి అదే ఆటలో కొత్తగా చేరాను. తుప్పు కవచంతో రోజూ కోట వాకిట నిలబడ్డాను. ఒక సాయంత్రం ఎవరో పక్కకొచ్చి, “అక్కా, ఎటు పోయినవ్?” అని రాశాడు.

“నేను మీ అక్కను కాదు. ఆమె ఇప్పుడు బంగారు రెక్కల్లో ఉంది. ఫోన్ చెయ్యి” అని రాశాను.