బోల్టులు కొట్టని కప్పు కింద

కోరుట్ల నుంచి వేములవాడ పోయే బస్సులో, నా పక్క సీటాయన ఎక్కినప్పటినుంచీ ఫోనులో అరుస్తూనే ఉన్నాడు. అసలే తలనొప్పి, నాకు ఓపిక పోయింది.

"అన్నా, జర మెల్లగ మాట్లాడుండ్రి."

ఫోను పెట్టేసి నా మీద కసురుకున్నాడు. "బొగ్గుబాయిల మిషన్ నడుపుత సార్. దూరంగ నిలబడి రిమోట్‌తోని నడుపుడు. బొగ్గు తీసినంక మీది కప్పు కూలకుంట బోల్టులు కొట్టాలె. కొట్టేదాక కింద మనిషి అడుగు పెట్టద్దనే గీ మిషన్ తెచ్చిండ్రు. ఇయ్యాల నేను సెలవుల ఉంటే, గది గా కప్పు కిందనే బంద్ పడ్డది. తాడేసి గుంజుమంటే లేటైతదట. దాన్ని తెచ్చుటానికి మనిషిని తోలిండ్రు!"

రుద్రంగి దాటాక అతని ఫోను మళ్ళీ మోగింది.

"మిషన్ సంగతి ఎవలడిగిండ్రు? పోయినోడు బయటికచ్చిండా?" బస్సంతా వినబడేలా అరిచాడు. ఈసారి నేనూ అటే చెవి పెట్టాను.

ఫోను జేబులో పెట్టుకుని, రెండు చేతులతో మొహం రుద్దుకున్నాడు.

"అచ్చిండా అన్నా?" అని నేనే అడిగాను.

"అచ్చిండు. ఏం గాలేదని అందరు నవ్వుతున్నరు," అన్నాడు చిరాగ్గా. "ఇగ రేపటి సంది గిదే పద్ధతి పెడతరు."