చివరి చెట్టు మీద చేయి

యర్రయ్య కొబ్బరి మొక్క నాటే ముందు దాని మట్ట ఎక్కడ రాలుతుందో చూసుకుంటాడు. మొక్క ఇంకా మోకాలెత్తు కూడా ఉండదు. అతను మాత్రం తల పైకెత్తి, ఎన్నో ఏళ్ల తర్వాత గాలికి ఊగబోయే ఆకుల్ని ఖాళీ ఆకాశంలో వెతుకుతాడు. మలేసియాలో, బాగన్ దాతో దగ్గర ఒక కొబ్బరి ఎస్టేటులో పుట్టాడు. మన మట్ట పక్కవాడి నేల మీద పడకూడదని, హద్దుకు ఎడంగా నాటాలని తండ్రి చేయి పట్టుకుని చూపించాడు. ఆ ఎడం అతని ఒంట్లోకి ఇంకిపోయింది. ఇప్పుడు సింగపూర్‌లో, టాంపినీస్‌లోని ఫ్లాట్ బయట కారిడార్‌లో కూడా అతని పూలకుండీలు పక్కింటి గుమ్మానికి దూరంగా సర్దుకుని ఉంటాయి. ఆ ఖాళీలోకి పక్కింటి ఆంటీ చెప్పుల స్టాండు మెల్లగా నడిచి వచ్చింది. అతను కుండీల్ని ఇంకాస్త వెనక్కి జరుపుకున్నాడు.

రోజూ రైలెక్కి, బస్సెక్కి క్రాంజీ వెళ్లి ఒక నర్సరీలో పని చేస్తాడు. సాయంత్రానికి గోళ్లలో మట్టితో తిరిగొస్తాడు. ఇంట్లో ఉండేది అతనూ, కూతురు మేనకా. భార్య లీనా సముద్రానికి అవతల ఉంటుంది.

లీనాది ఇండోనేసియాలో సెరిండిట్ అనే చిన్న దీవి. చేపలు పట్టే చైనీస్ కుటుంబం. ఆమె సింగపూర్‌లో ఒక హాకర్ సెంటర్‌లో, తిండి అంగళ్ల దగ్గర గిన్నెలు కడిగే రోజుల్లో ఇద్దరికీ పరిచయమైంది. ఆమెకు తెలుగు నేర్పింది అత్తగారు. అందుకే ఆ తెలుగులో ఎస్టేటు వాసన ఉంటుంది. తండ్రి పోయాక, ఇల్లు చూసి వస్తానని దీవికి వెళ్లిన లీనా అక్కడే ఉండిపోయింది. వాకిట్లో చేపలు ఎండబెట్టి, పడవల వాళ్లకు అమ్ముతుంది. పని మానేశాక యర్రయ్య కూడా అక్కడికే వెళ్లాలని ఇద్దరూ అనుకున్నారు.

అప్పటిదాకా నెలకోసారి వెళ్తున్నాడు. సింగపూర్‌లో తానా మేరా రేవు నుంచి ఫెర్రీలో తాంజుంగ్ పినాంగ్, అక్కడి నుంచి పొంపొంగ్ అనే చెక్క పడవ. దాని ఇంజను చప్పుడు దూరం నుంచి ఎవరో రోట్లో దంచుతున్నట్టు వినిపిస్తుంది. లీనా ఇంటి వెనక ఒక చెక్కల వంతెన నీళ్లలోకి సాగి ఉంటుంది. పొంపొంగ్ అక్కడే ఆగుతుంది. వంతెన నుంచి ఇంటికి కాలిబాట. లీనా తండ్రి ఒంటి అడుగులతో పడిన బాట అది. ఆ దీవిలో మిగతా దారులన్నీ ఇళ్ల మధ్య నుంచి పోతాయి. సముద్రం వైపు లీనాకు ఉన్నది ఆ బాట ఒక్కటే.

తండ్రికి సముద్రమే తోట. నేల మీద ఏమీ నాటలేదు. ఇంటి వెనక పొదల్ని కొట్టి కొబ్బరి వేసింది యర్రయ్య. వెళ్లినప్పుడల్లా కొన్ని మొక్కలు. పరదేశి కాబట్టి నేల అతని పేరున ఉండకూడదు.

"నేల నీది, చెట్లు నావి," అనేవాడు.

"సెట్లూ నావే. నువ్వు నాకాడ కూలోడివి," అనేది లీనా. "పని సెయ్యి, మకాన్ పెడతాను, కడుపునిండా తిను."

బాట వైపు వరుస వేసేటప్పుడు అతను అలవాటు కొద్దీ వెనక్కి జరిగాడు. బాటకు అవతల పాక్ బుజాంగ్ అనే ముసలాయన నేల. ఆయన నెత్తిన మట్ట పడకూడదు. బాట మొత్తం వదిలేసి, దానికి ఇవతల, నూలు పట్టినట్టు తిన్నగా నాటాడు. పాక్ బుజాంగ్ అటు నుంచి చూసి, ఎందుకలా వెనక్కి పోతున్నావని అడిగాడు. మర్యాదకి అని చెప్పాడు యర్రయ్య. ముసలాయన నవ్వాడు. ఆ తర్వాత ఆయన కూడా తన చెట్లను ఉన్నచోటే ఉంచాడు, బాట మీదకి ఒక్క మొక్క కూడా వేయలేదు.

ఆ దీవిలో ఎవరి దగ్గరా కాగితాలు లేవు. ఎవరి చివరి చెట్టు ఎక్కడుంటే వాళ్ల నేల అక్కడిదాకా; మధ్యలో చెట్టు లేని ఖాళీ ముందు కొలిపించుకున్నవాడిది. అది లీనాకు తెలుసు. కానీ పాక్ బుజాంగ్ బతికున్నన్నాళ్లూ ఆ బాట ఎవరిదని ఎవరూ అడగలేదు. అడగని మాట ఆమెకు గుర్తురాలేదు.

పాక్ బుజాంగ్ పోయాక కొడుకు రుస్లీ ఆ నేలను ఒక కంపెనీకి ఇచ్చేశాడు. సముద్రం ఒడ్డున యాత్రికులకు గుడిసెలు కడతారట. దానికి కాగితం కావాలి. కాగితానికి కొలత కావాలి. కొలిచే రోజున హద్దుల వాళ్లంతా వచ్చి, తమ చివరి చెట్టు మీద చేయి వేసి నిలబడాలి. అది ఊరి పద్ధతి. ఉత్తరపు గాలి వీచే కాలంలో ఆ రోజు పెట్టారు.

కబురు ముందురోజు రాత్రి అందింది; వినగానే యర్రయ్య సంచి సర్దుకున్నాడు. మేనక కూడా సెలవు పెట్టి తానా మేరాకి వచ్చింది. అద్దాల అవతల సముద్రం బూడిద రంగులో లేచి పడుతోంది. లైన్లో నిలబడ్డవాళ్లు ఒక్కొక్కరే కుర్చీల వైపు తిరిగి వచ్చారు.

"నాన్నా, ఫెర్రీ క్యాన్సిల్ లా. నెక్స్ట్ ఒన్ కూడా నో. బోర్డ్ మీద పెట్టేశారు."

"ఇంకో అరగంట చూద్దాం."

"చూస్తే సీ తగ్గుతుందా? కూర్చో. అమ్మకి వీడియో చేస్తా."

తెర మీద ముందు లీనా గడ్డం కనిపించింది. తర్వాత వాన. తర్వాత మళ్లీ లీనా, తలకి ప్లాస్టిక్ సంచి చుట్టుకుని. ఆమె బాట మధ్యలో నిలబడి ఉంది. వెనక రుస్లీ, గొడుగు పట్టుకున్న ఊరి పెద్ద, కొలిచేవాళ్లు ఇద్దరు.

"ఏటయ్యా, రాలేవా?" అంది లీనా.

"పడవ లేదే."

"తెలుసు. ఇక్కడ సూడు, వంతెన మీద నీళ్లు ఎక్కేసినాయి. వచ్చుంటే మునిగిపోదువు. అక్కడే కూకో."

"లీనా, నువ్వు బాట మీదే ఉండు. చెట్టు దగ్గరికి పోకు."

"ఉన్నాను కదా."

ఊరి పెద్ద మలయ్‌లో మెల్లగా మాట్లాడాడు. ఫోన్ ఆయన వైపు తిరిగింది. ఆయన యర్రయ్యకు తెలిసిన మనిషే. వెళ్లినప్పుడల్లా తాజా చేప ఇచ్చేవాడు. "అక్కా, చెట్టు మీద చేయి వెయ్యి. వాళ్లు రాసుకోవాలి," అంటున్నాడు.

"ఇది మా నాన్న నడిచిన దారి," అంది లీనా మలయ్‌లో.

"అవును. నేనూ నడిచాను. కానీ ఇందులో చెట్టేది?"

రుస్లీ తల దించుకున్నాడు. ఫోన్లో యర్రయ్య ముఖం కనిపించగానే అతన్ని పెద్దాయన్ని పిలిచినట్టు పిలిచాడు. "పాక్, ఆ వరుస మేం వేయించలేదు. మీరే వేశారు. చివరి చెట్టు అక్కడుంది. నేనేం చేయను?"

యర్రయ్యకు చెప్పాల్సింది చాలా ఉంది. బాగన్ దాతోలో తండ్రి, పక్కవాడి నెత్తి, మర్యాద. కుర్చీ అంచున కూర్చుని నోరు తెరిచాడు. ఆ నేల మీద మాట్లాడటానికి తనెవరన్నది గుర్తొచ్చి మూసుకున్నాడు. మేనక అతని మోచేతి మీద చేయి వేసింది.

లీనా బాట మధ్యలో కుడిచేయి చాచింది. చెట్టు ఉంటే ఎక్కడుండేదో అక్కడ, గాలి మీద పెట్టింది. వాన ఆ అరచేతి మీదుగా కారింది. కొలిచేవాడు టేపు పట్టుకుని ఎదురుచూశాడు. ఎవరూ నవ్వలేదు. ఎవరూ కసరలేదు. కసిరి ఉంటే ఆమె అలాగే నిలబడేదేమో.

"అక్కా," అన్నాడు ఊరి పెద్ద, "ఏ చెట్టూ పట్టుకోకపోతే ఆ చెట్లు కూడా నీవి కావు."

లీనా ఫోన్లోకి చూసింది. "ఏటి సెయ్యమంటావయ్యా?"

యర్రయ్య తెర మీంచి చూపు తిప్పుకున్నాడు. ఆమె వెనక్కి నడిచి, అతను నాటిన చివరి చెట్టు మీద చేయి వేసింది. అంతలో తెర గడ్డకట్టింది. ఆమె చేయి, తడిసిన బెరడు, అంతే. మేనక మళ్లీ మళ్లీ నొక్కింది. కలవలేదు.

గాలి తగ్గాక యర్రయ్య దీవికి వెళ్లాడు. బాట మూసేయడంతో పొంపొంగ్ లీనా వంతెన దగ్గర ఆగకుండా ఊరి రేవుకు పోయింది. సంచి మోసుకుంటూ ఇళ్ల పెరళ్ల మీదుగా నడవాల్సి వచ్చింది. ఆరేసిన బట్టల కింద వంగి, కుక్కల్ని అదిలించి, ప్రతి పెరట్లో ఆగి దారి ఇమ్మని అడిగాడు. అందరూ ఇచ్చారు. కొందరు టీ తాగి వెళ్లమన్నారు. ఎండు చేపల గంపతో లీనా రోజూ ఇలాగే అడుగుతూ నడుస్తోందని అతనికి రెండో పెరట్లోనే అర్థమైంది.

ఇంటి వెనక బాటకు ఇవతల తాడు కట్టి ఉంది. తాడుకు ఇటు చెట్లు తిన్నగా, ఒద్దికగా నిలబడ్డాయి. అటు బాట మీద అప్పుడే గడ్డి మొలిచింది. ఉత్తరపు గాలికి ఒక మట్ట విరిగి, ఎగిరి, తాడు దాటి అవతల పడి ఉంది. యర్రయ్య అలవాటుగా దాన్ని తీయడానికి వంగాడు. చేయి తాడు దాకా వెళ్లి ఆగిపోయింది.

వెనక గుమ్మంలోంచి లీనా చూస్తోంది.

"దాన్నొగ్గేయ్," అంది. "అన్నం చల్లారిపోతాది, రా."