పాత నాట్లు పీకిన రోజు

ఆ గదిలో ఉన్నవాళ్ళం నలుగురం: డాక్టరు, నర్సు, నేను, కుర్చీలో వెనక్కి వాలి పడుకున్న అంకుల్. వస్తువులు: మైక్రోస్కోపు, చల్లటి సెలైన్ పోసిన ఆరు గాజు గిన్నెలు, ముప్ఫై బ్లేడ్లు, కొక్కేనికి తగిలించిన నీలం టోపీ. నేను ముందు గుర్తుపట్టింది టోపీనే. మెల్‌బోర్న్ శివారు టార్నీట్‌లో మేం ఆదివారం కలుసుకునే తెలుగు చర్చిలో అది అందరికీ తెలిసిన టోపీ.

అప్పుడు నేను మెల్‌బోర్న్‌లో బయోమెడికల్ ఇంజనీరింగ్ మాస్టర్స్ రెండో ఏడు. వారానికి రెండు రోజులు ఈ జుట్టు క్లినిక్‌లో పని. డాక్టరు తీసిచ్చిన చర్మపు ముక్కను మైక్రోస్కోపు కింద పెట్టి, వెంట్రుకలను కుదుళ్ళతో సహా విడదీయడం నా వంతు. ఆ వారం రెండు అసైన్‌మెంట్లు, ఒక లాబ్ పరీక్ష. పొద్దున రైల్లో నిలబడే నిద్రపోయాను.

"నువ్వా బాబూ!" అని అంకుల్ కాసేపు కళ్ళు మూసుకున్నారు. "చర్చిలో ఎవరికీ చెప్పకు. ముఖ్యంగా ఆంటీలకి. టీ టైమ్‌కల్లా పెర్త్ దాకా వెళ్ళిపోద్ది."

"చెప్పను అంకుల్. ఇక్కడ రూల్ కూడా అదే."

ఇరవై ఆరేళ్ళ వయసులో, పెళ్ళిచూపులకు ముందు, ఆయన మద్రాసులో జుట్టు నాటించుకున్నారు. అప్పటి పద్ధతిలో తల వెనక నుంచి పెన్సిలంత మందాన చర్మాన్ని జుట్టుతో సహా బిళ్ళలుగా తీసి నుదుటి పైన వరసగా పెట్టేవారు. తర్వాత చుట్టూ ఉన్న సొంత జుట్టు రాలిపోయింది. గుత్తులు మాత్రం మిగిలాయి. ప్రార్థనలో మగవాళ్ళు తల కప్పుకోకూడదు. అందుకని అందరూ కళ్ళు మూసుకున్నాకే ఆయన టోపీ తీసేవారు, ఆమెన్‌కు ముందే పెట్టేసుకునేవారు. ముందుకొచ్చి ప్రార్థన నడిపించమని పాస్టరుగారు ఎన్నిసార్లు అడిగినా, గొంతు బాగాలేదనేవారు.

"ఒక్కసారి ముందు నిలబడి ప్రేయర్ చెయ్యాలి బాబూ, టోపీ లేకుండా. అంతే నాక్కావాల్సింది" అన్నారు, మత్తు ఇంజెక్షన్ ఇస్తుంటే.

ఇప్పటి పద్ధతిలో ఆ గుత్తులను బయటికి తీసి, వెంట్రుకలు విడదీసి, ఒక్కొక్కటిగా మళ్ళీ నాటుతారు. ఆయన తల వెనకంతా పాత మచ్చలే. అక్కణ్ణుంచి కొత్తవి తీయడానికి లేదు. కనీసం నూట ఎనభై ఐదు వెంట్రుకలు ఉంటేగాని ముందు వరస నిండదని డాక్టరు చెప్పారు.

ఇరవై నాలుగు గుత్తులు నా గిన్నెల్లోకి వచ్చాయి.

"ఎలా ఉన్నాయి బాబూ?"

"గుత్తికి ఎనిమిదేసి ఉన్నాయి అంకుల్."

"మా నాన్న చేలో అలా ఊడిస్తే గట్టు మీంచే తిట్టేవాడు, ఎవడ్రా ఈ నాట్లేసిందీ అని!" నవ్వుకు ఆయన భుజాలు కదిలాయి. నర్సు కదలొద్దంది.

పాత బిళ్ళలో మచ్చ గట్టిపడి కుదుళ్ళు లోపల వంగిపోయి ఉంటాయి. ఎటు వంగాయో పైనుంచి తెలియదు. పదిహేనో గుత్తి దాకా నాలుగే తెగాయి. ఆ తర్వాత మెడ లాగసాగింది, కళ్ళు మసకబారాయి. కాసేపు విశ్రాంతి అడగొచ్చు. కుదుళ్ళు బయట ఎంతసేపుంటే అంత చెడతాయని లెక్క వేసుకుని అడగలేదు. ఆ లెక్క సరైనదే. అందులో నా కళ్ళను కలుపుకోలేదు. మిగిలిన తొమ్మిది గుత్తుల్లో పది తెగాయి.

"ఎన్నొచ్చాయి బాబూ?"

"నూట డెబ్బై ఎనిమిది అంకుల్. కొన్ని నా చేతిలో తెగాయి."

"సర్లే. నాట్లన్నాక కొన్ని పోతాయి" అన్నారాయన. డాక్టరు ఎడమ మూలను పలచగా వదిలేశారు.

పదకొండు నెలల తర్వాత ఒక ఆదివారం పాస్టరుగారు పిలిస్తే అంకుల్ లేచారు. టోపీ కుర్చీలో పెట్టి ముందుకు నడిచారు. అందరూ కళ్ళు మూసుకున్నారు, నేను మూసుకోలేదు. ఎడమ వైపు గోడకు వచ్చేలా కొంచెం పక్కకు తిరిగి నిలబడి, నాలుగు నిమిషాలు ప్రార్థన చేశారు. ఆమెన్ తర్వాత కూడా టోపీ కుర్చీలోనే ఉంది.

బయట టీ దగ్గర ఒక ఆంటీ, "మీలో ఏదో మారింది అన్నయ్యగారూ" అంది.

"గొంతు బాగైందమ్మా" అన్నారాయన, నా వైపు చూడకుండా.

ఆ రోజు లెక్క నా నోటుబుక్కులో ఇంకా ఉంది. తీసినవి నూట తొంభై రెండు. నాటినవి నూట డెబ్బై ఎనిమిది. తెగినవి పద్నాలుగు.