జాజు బొట్లు

గంగయ్యది మల్లాపూర్. అనుమానం ఆయనకు పుట్టుకతో వచ్చిన జబ్బు. నా కొట్టులో చాయ్ తాగేముందు కూడా గ్లాసు ఎత్తి వెలుతురుకు పట్టి చూసేవాడు.

"ఏం జూస్తున్నవ్ గంగన్నా, ఇషం కలిపిన్నా?" అని ఒకసారి కసిరాను.

"జూస్తే తప్పేంది పోశక్కా?" అన్నాడు, సిగ్గు లేకుండా.

అలాంటి మనిషి జానీమియా చేతిలో పడ్డాడు. కోరుట్లలో నా కొట్టు పక్కనే జానీమియా మెకానిక్ షెడ్డు. తండ్రి కాలం నుంచీ దానికి తాళం అన్నదే లేదు. గంగయ్య తండ్రి పసుపు బస్తాలు తోలిన పాత పికప్ బండి కొట్టంలో తుప్పు పట్టిపోయింది. నాయిన బండిని మళ్లీ రోడ్డెక్కించాలని గంగయ్య పంతం.

"చాసిస్ దాకా ఊడదియ్యాలె గంగన్నా. పైపైన రంగేస్తే నిన్ను మోసం జేసినట్లయితది" అన్నాడు జానీమియా.

మోసం అన్న మాట వినగానే గంగయ్య చెవులు నిక్కాయి. మర్నాడు చెంబు నిండా జాజు కలిపించుకొని వచ్చాడు. మందలో కలిసిపోకుండా గొర్రెల వీపున పెట్టే ఎర్రమట్టి జాజు! ఇంజను, గేరుబాక్సు, ఇరుసు, ఆఖరికి నట్లకు కూడా బొట్లు పెట్టాడు. జానీమియా నవ్వి ఊరుకున్నాడు. నాకు మాత్రం ఒళ్లు మండింది.

రోజూ వచ్చి కాపలా కూర్చునేవాడు. ఇంతలో సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు బంద్, రోడ్ల మీద రాస్తారోకోలు. కొన్నాళ్లు గంగయ్య రాలేకపోయాడు. వచ్చి చూసేసరికి సామానంతా తళతళా మెరుస్తోంది. ఒక్కదాని మీదా బొట్టు లేదు.

"మార్చినవ్! మా నాయిన బండిని అమ్ముకొని గీ తుక్కు వెట్టినవ్! దొంగ చేతికి తాళాలిచ్చిన!"

ఎదురుగా దీక్షా శిబిరంలో ఉన్నవాళ్లంతా లేచి వచ్చారు. జానీమియా ముఖం పాలిపోయింది. "ఖుదా కసమ్ అన్నా, నీదే..." అంటుంటే ఎవరు విన్నారు? బాగుకొచ్చిన జీపులు వెనక్కి పోయాయి. "మంచోడే గాని..." అని నా కొట్టు ముందే గుసగుసలు. ఆ 'గాని' అన్నవాడికి నేను చాయ్ పోయలేదు.

సాక్ష్యానికని గంగయ్య తన భార్య లసుమవ్వను తెచ్చాడు. జాజు కలిపింది ఆమే.

"వీటిని దేంతోని కడిగినవ్ తమ్మీ?" అని ఆమె అడిగింది.

"సబ్బునీళ్లు, గ్యాసునూనె. కడగకుంటే పగుళ్లు కనవడయి అక్కా."

ఆమె మొగుడి వైపు తిరిగింది. "ఓ పిచ్చి మొగోడా! ఒక్క వానకే గొర్రె మీద జాజు ఉండది. గిట్ల తోమినంక ఉంటదా?" తర్వాత చాసిస్ వెంట చెయ్యి పోనిచ్చి ఒకచోట ఆగింది. "గిది మా మామ ఏపిచ్చిన అతుకు. నేను కాపురానికచ్చిన్నాడు తొవ్వల ఇరిగింది. నువ్వే గదా నెట్టినవ్!"

గంగయ్య ఆ అతుకును తడిమి, అక్కడే కూలబడి ఏడ్చాడు.

దసరానాడు బండి కదిలింది. "తప్పయింది మియా" అన్నాడు గంగయ్య అందరి ముందూ. జానీమియా తలూపాడు, నవ్వలేదు. షెడ్డుకు మాత్రం తాళం కొన్నాడు.

మొన్న నా పంపు స్టవ్వు బాగుకు తీసుకెళ్లాను. దాన్ని ముట్టుకోకుండా ఎర్ర పెయింటు డబ్బా, బ్రష్షు నా ముందు పెట్టాడు.

"నేను గూడనా మియా?" అన్నాను.

"గిది కడిగినా పోదు" అన్నాడు, నా మొహం చూడకుండా. "ముందుగాల బొట్టు వెట్టక్కా. తర్వాత పానా పట్టుకుంట."